బెంగాలీ 'కలాఇ': ఒక పప్పుధాన్య పదం వ్యుత్పత్తి, వ్యాకరణం

వ్యాససంగ్రహం:
బెంగాలీలో 'కలాఇ' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి పప్పుధాన్యం, ముఖ్యంగా మినుము. రెండవది పాత్రలకు పూసే తగరపు పూత. మొదటిది సంస్కృత 'కలాయ' శబ్దానికి తద్భవం. రెండవది అరబ్బీ నుంచి పారశీకం ద్వారా వచ్చిన అన్యదేశ్యం. రూపం ఒకటే అయినా జాతి వేరైన ఈ రెండు పదాలలో మొదటిదాని పుట్టుకను, అర్థపరిణామాన్ని, వ్యాకరణ ప్రవర్తనను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అవసరమైన చోట తెలుగు పప్పుధాన్య పదాలతో పోల్చి చూపుతుంది. ప్రాచీన వైద్యగ్రంథాలను, నిఘంటువులను అనువదించేటప్పుడు ఇటువంటి పదాల అర్థనిర్ణయం ఎంత కీలకమో 'కలాయఖంజం' అనే వ్యాధినామం ఆధారంగా వివరిస్తుంది.

కీలకపదాలు: కలాయ, కలాఇ, తద్భవం, అర్థపరిణామం, సమరూప భిన్నార్థక పదాలు, షష్ఠీ విభక్తి, కలాయఖంజం.

1. ఉపోద్ఘాతం:

ఒక భాషలోని ఆహారపదాలు ఆ భాషాసమాజ చరిత్రకు సాక్ష్యాలు. రాజుల పేర్లు శాసనాలలో నిలుస్తాయి, పంటల పేర్లు నోళ్లలో నిలుస్తాయి. నోటిలో నిలిచిన మాట కాలంతోపాటు అరుగుతుంది, అర్థం మార్చుకుంటుంది, పొరుగు మాటలతో కలిసిపోతుంది. అందువల్ల పంటపేరు వ్యుత్పత్తిని నిర్ణయించడం పైకి కనిపించినంత సులభం కాదు. ధ్వని, అర్థం, వ్యాకరణం అనే మూడింటి సాక్ష్యమూ ఒకే దిశలో సాగినప్పుడే ఆ వ్యుత్పత్తి నిలుస్తుంది.

బెంగాలీలో పప్పుధాన్యాలకు 'డాల్' అనేది విస్తృత వాడుకలో ఉన్న సామాన్యపదం. మసూర్ (ఎర్ర కందిపప్పు), ముగ్ (పెసర), ఛోలా (శనగ), మటర్ (బఠాణీ), అడహర్ (కంది), ఖేసారి (కేసరిపప్పు) విశేషపదాలు. ఈ రెండు వర్గాలకూ నడుమ నిలిచిన మాట 'కలాఇ'. అది ఒకచోట సామాన్యపదంగాను, మరొకచోట మినుముకు మాత్రమే చెల్లే విశేషపదంగాను వాడుకలో ఉంది. ఈ ద్వంద్వస్థితికి కారణమేమిటన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

ఉచ్చారణ విషయంలో ఒక సూచన అవసరం. ఈ వ్యాసంలో బెంగాలీ పదాలను వర్ణక్రమాన్ని అనుసరించి తెలుగు లిపిలో చూపడం జరిగింది. బెంగాలీ అకారం పెదవులు గుండ్రమైన ధ్వని, తెలుగు 'అ', 'ఒ'లకు నడిమిది. తరువాతి అక్షరంలో ఇకారంగానీ ఉకారంగానీ ఉంటే అది దాదాపు ఒకారమవుతుంది. 'కవి' శబ్దం బెంగాలీ నోట 'కోబి' అని వినిపించడానికి కారణమిదే. 'కలాఇ'లో మొదటి అకారం తరువాత వచ్చేది ఆకారం కనుక ప్రామాణిక ఉచ్చారణలో ఆ మార్పు జరగదు. తెలుగు 'కళాయి'తో గందరగోళం కలగకుండా బెంగాలీ మాటను 'కలాఇ' అని వ్రాయడం జరిగింది.

2. వ్యుత్పత్తి: కలాయ నుంచి కలాఇ వరకు

సంస్కృతంలో 'కలాయ' అకారాంత పుంలింగ శబ్దం. అమరకోశం వైశ్యవర్గంలో ధాన్యాల పేర్లు చెప్పేచోట కలాయ, సతీనక, హరేణు, ఖండిక శబ్దాలు పర్యాయాలుగా కనిపిస్తాయి. ఇవి బఠాణీ జాతి గింజకు పేర్లు. మినుముకు 'మాష', పెసరకు 'ముద్గ' అనే వేరు పేర్లున్నాయి. అంటే అమరసింహుని నాటికి కలాయ వేరు, మాష వేరు.

పాళీలోనూ 'కలాయ' శబ్దం అదే రూపంలో ఉంది. జాతకకథలలో 'కలాయముట్ఠి జాతకం' అని ఒక కథ. గుప్పెడు గింజలు పట్టుకుని చెట్టెక్కిన కోతి, జారిపడిన ఒక్క గింజకోసం చేతిలోని గింజలన్నీ వదిలేసి వెతుక్కుంటుంది. కథాశీర్షికలోని 'ముట్ఠి' సంస్కృత 'ముష్టి'కి పాళీ రూపం. ఇదే మాట నేటి బెంగాలీలో 'ముఠో' అయింది. 'దు ముఠో కలాఇ' అంటే రెండు గుప్పెళ్ల కలాఇ. జాతకశీర్షికలోని రెండు మాటలకూ నేటి బెంగాలీలో వారసులున్నారన్నమాట.

కలాయ శబ్దం కలాఇగా మారిన క్రమంలో రెండు దశలను గుర్తించవచ్చు.

మొదటిది అంత్య అకారలోపం. బెంగాలీ తద్భవాలలో పదాంత హ్రస్వ అకారం సాధారణంగా నిలవదు. 'కలాయ' ఈ విధంగా 'కలాయ్' అవుతుంది.

రెండవది యకారం ఇకారంగా మారడం. దీర్ఘాచ్చు తరువాత పదాంతంలో మిగిలిన 'య్' అంతస్థం. అది అచ్చుకూ హల్లుకూ నడుమ నిలిచే ధ్వని కావడంతో వినేవారికి ఇకారంగా తోస్తుంది. 'కలాయ్' ఈ విధంగా 'కలాఇ' అయింది.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. బెంగాలీలో ఇకారంతో ముగిసే తద్భవాలు అనేకం ఉన్నాయి. 'దధి' నుంచి 'దఇ' (పెరుగు), 'సఖీ' నుంచి 'సఇ' (చెలికత్తె) వచ్చాయి. ఈ పదాలలో చివరి ఇకారం మూలంలోని ఇకారమే, నడిమి హల్లు మాత్రం లోపించింది. 'కలాఇ'లోని ఇకారం అటువంటిది కాదు. అది మూలంలోని యకారానికి వారసురాలు. పైకి ఒకేవిధంగా కనిపించే అంత్యాల వెనుక రెండు వేరు చరిత్రలున్నాయి.

బెంగాలీ నిఘంటువులలో 'కలాయ', 'కలాఇ' రెండు రూపాలూ ఉన్నాయి. మొదటిది తత్సమం, రెండవది తద్భవం. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ద్వారా తెలుగు పాఠకులకు సుపరిచితమైన తత్సమ, తద్భవ, దేశ్య విభజన బెంగాలీ వ్యాకరణ సంప్రదాయంలోనూ ఉంది. అక్కడ దానికి 'బిదేశి' అనే వర్గం కూడా చేరింది. బెంగాలీ ధ్వనిచరిత్రను శాస్త్రీయంగా క్రమబద్ధం చేసిన సునీతికుమార్ ఛటర్జీ గ్రంథం 1926లో వెలువడింది. ఒకే మూలశబ్దం పండితమార్గంలో ఒక రూపంగాను, ప్రజల నోటిమార్గంలో మరొక రూపంగాను ఒకే భాషలో నిలవడం ఆర్యభాషలన్నిటా కనిపించే విషయమే. తెలుగులో 'ఆశ్చర్యం', 'అచ్చెరువు' పక్కపక్కన నిలవడం ఇటువంటిదే.

3. కలాఇ – కడాఇ: నిలిచిన పాత అర్థం

పై ధ్వనిక్రమం సరైనదే అయినా ఒక సందేహం మిగులుతుంది. సంస్కృత కలాయ బఠాణీ, బెంగాలీ కలాఇ మినుము. ఈ అర్థభేదాన్ని ఎలా సమన్వయించాలి?

సమాధానం బెంగాలీలోనే మరొక మాటలో దొరుకుతుంది. పచ్చిబఠాణీని బెంగాలీలో 'మటర్‌శుఁటి' అంటారు, 'కడాఇశుఁటి' అని కూడా అంటారు. 'శుఁటి' అంటే కాయ, గింజలుండే తొడుగు. చలికాలంలో కోల్‌కతా ఇళ్లలో చేసే 'కడాఇశుఁటిర్ కచురి' పచ్చిబఠాణీ ముద్ద కూరి వేయించిన పూరీ. ఇందులోని 'కడాఇ' శబ్దం 'కలాఇ'కి రూపాంతరం. 'కలాఇశుఁటి' అనే రూపం కూడా ఉండటం దీనిని బలపరుస్తుంది. బెంగాలీ 'డ'కారం అచ్చుల నడుమ నాలుక కొన తాకీతాకనట్లు పలుకుతుంది. ఆ ధ్వనికీ లకారానికీ ఉచ్చారణలో దూరం తక్కువ. ఈ మాటలో అవి ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలయ్యాయి.

బెంగాలీలో 'కడాఇ' అంటే మూకుడు కూడా. ఈ రెండవ కడాఇ సంస్కృత 'కటాహ' నుంచి వచ్చింది. వంటపాత్ర పేరూ గింజ పేరూ ఒకే రూపంలోకి చేరడంతో, తెలియనివారు 'కడాఇశుఁటి'ని మూకుడుతో ముడిపెట్టే ప్రమాదముంది. గింజ పేరైన కడాఇకి కటాహంతో సంబంధం లేదు.

ఈ సాక్ష్యంతో అర్థపరిణామ క్రమం స్పష్టమవుతుంది. దానిని నాలుగు మెట్లుగా చూపవచ్చు.

మొదటి మెట్టులో కలాయ అంటే బఠాణీ జాతి గింజ. ఈ అర్థం 'కడాఇశుఁటి' అనే సమాసంలో నేటికీ భద్రంగా ఉంది. విడిగా వాడే పదం అర్థం మార్చుకున్నా సమాసంలో ఇరుక్కున్న పదం పాత అర్థాన్ని కాపాడుకోవడం భాషాచరిత్రలో తరచుగా కనిపించేదే.

రెండవ మెట్టులో అర్థవ్యాప్తి జరిగింది. బఠాణీకి 'మటర్' అనే మాట స్థిరపడగా, కలాఇ కాయధాన్యాలన్నిటికీ సామాన్యపదమైంది. ముగ్‌కలాఇ, మటర్‌కలాఇ, ఖేసారికలాఇ, మాష్‌కలాఇ అనే సమాసాలు ఈ దశకు సాక్ష్యాలు. 'మటర్‌కలాఇ' అనే సమాసాన్ని ప్రత్యేకంగా గమనించాలి. రెండు పదాలకూ మూలంలో బఠాణీ అనే అర్థమే ఉన్నది. రెండవది జాతివాచకంగా మారకపోయి ఉంటే ఈ సమాసం పునరుక్తి అయ్యేది.

మూడవ మెట్టులో ఆ సమాసాలలో ఒకటైన 'మాష్‌కలాఇ' మినుముకు స్థిరమైన పేరయింది.

నాలుగవ మెట్టులో సమాసంలోని పూర్వపదం జారిపోయి, ఉత్తరపదమైన 'కలాఇ' ఒక్కటే మినుమును తెలిపే స్థితికి వచ్చింది. ఇది అర్థసంకోచం. బంగ్లాదేశ్‌లోని చాఁపాయ్ నవాబ్‌గంజ్ ప్రాంతంలో ప్రసిద్ధమైన 'కలాఇయేర్ రుటి' మినప్పిండి చేరిన రొట్టె. అక్కడ కలాఇ అంటే ఏ పప్పు అని అడిగేవారుండరు.

తెలుగులో 'పప్పు' శబ్దానికి ఇటువంటి సందర్భబలం ఉంది. 'పప్పులో ఉప్పు ఎక్కువైంది' అన్నప్పుడు వండిన పప్పు, అందునా చాలా ఇళ్లలో కందిపప్పు, స్ఫురిస్తుంది. 'ఇడ్లీకి పప్పు నానబోశావా?' అన్నప్పుడు మినప్పప్పు తప్ప మరొకటి స్ఫురించదు. సామాన్యపదం సందర్భబలంతో విశేషార్థాన్ని ఇవ్వడం తెలుగులో ప్రయోగస్థాయిలోనే ఆగిపోగా, బెంగాలీ కలాఇ విషయంలో అది నిఘంటువు స్థాయికి చేరింది.

4. రెండవ 'కలాఇ': తగరపు పూత

బెంగాలీలోని రెండవ 'కలాఇ' తగరం, తగరపు పూత, పింగాణీపూత అనే అర్థాలనిస్తుంది. అరబ్బీలో 'కల్‌ఈ' అంటే తగరం. అరబ్ భూగోళకారులు మలయా ద్వీపకల్పంలో 'కలహ్' అనే రేవును తగరానికి ప్రసిద్ధమైనదిగా పేర్కొన్నారు. తగరం పేరును ఆ స్థలనామంతో ముడిపెట్టే వ్యుత్పత్తి ప్రసిద్ధం. పారశీకం ద్వారా ఆ మాట హిందీలో 'కలఈ', బెంగాలీలో 'కలాఇ', తెలుగులో 'కళాయి' అయింది. రాగి, ఇత్తడి పాత్రలలో వండిన పులుసు చిలుమెక్కకుండా లోపల తగరం పూయడాన్ని తెలుగువారు 'కళాయి వేయడం' అంటారు. బెంగాలీలో అదే పని 'కలాఇ కరా'.

తెలుగులో మరొక చిక్కుంది. మూకుడు అనే అర్థంలో 'కడాయి'తోపాటు 'కళాయి' అనే రూపం కూడా వంటింటి వాడుకలో ఉంది. ఆ విధంగా తెలుగు 'కళాయి' పూతకూ పాత్రకూ పేరైంది. బెంగాలీ 'కలాఇ' పూతకూ పప్పుకూ పేరైంది. బెంగాలీ 'కడాఇ' పాత్రకూ పప్పుకూ పేరైంది. కలాయ, కల్‌ఈ, కటాహ అనే మూడు మూలాల నుంచి బయలుదేరిన మాటలు రెండు భాషలలో జంటలు జంటలుగా ఒకే రూపంలోకి చేరాయి. వీటిలో ఏ జంటకూ అర్థసంబంధం లేదు. రూపసామ్యాన్ని మాత్రమే నమ్ముకుని వ్యుత్పత్తి చెప్పేవారికి ఈ మూడు జంటలూ ఒక హెచ్చరిక.

ఇదే హెచ్చరిక తమిళ 'కడలై', కన్నడ 'కడలె' (శనగ) పదాలను సంస్కృత కలాయతో పోల్చే ప్రయత్నాలకూ వర్తిస్తుంది. గింజ పేర్లు కావడం, మొదటి అక్షరం కలవడం ఆసక్తికరమే. కానీ ద్రావిడ పదాలలోని మూర్ధన్యానికి సంస్కృతంలో లకారం ఎలా వచ్చిందో, '-ఆయ' అనే అంత్యం ఎక్కడిదో నియమబద్ధంగా చూపనంతవరకు ఆ పోలిక ఊహాస్థాయిలోనే ఉంటుంది. కలాయ–కలాఇ సంబంధం అటువంటిది కాదు. దానికి ధ్వనినియమమూ, నడిమి అర్థదశల సాక్ష్యమూ రెండూ ఉన్నాయి.

5. వ్యాకరణ ప్రవర్తన

5.1. లింగం, వచనం:

సంస్కృత కలాయ పుంలింగం. బెంగాలీ నామవాచకాలకు వ్యాకరణలింగం లేదు కనుక కలాఇలో ఆ లింగం పూర్తిగా లోపించింది. దానికి విశేషణమైనా క్రియ అయినా లింగాన్ని అనుసరించి మారవు.

వచనం విషయంలో బెంగాలీకీ తెలుగుకూ స్పష్టమైన భేదముంది. తెలుగులో తొక్కతీయని గింజలను బహువచనంలోనే చెప్పడం పరిపాటి: కందులు, పెసలు, మినుములు, శనగలు. బద్దలైన తరువాత అవి ఏకవచనంలోకి వస్తాయి: కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పు, శనగపప్పు. 'మినుములు ఉడికాయి', 'మినప్పప్పు ఉడికింది' అనే వాక్యాలలో క్రియ కూడా ఈ భేదాన్ని పాటిస్తుంది. గింజలు లెక్కకు వచ్చే వస్తువులు, పప్పు రాశి అనే దృష్టి తెలుగు వ్యాకరణంలోనే ఇమిడి ఉంది.

బెంగాలీలో కలాఇ ఎప్పుడూ రాశివాచకమే. 'కలాఇ సేద్ధ హయేఛే' (కలాఇ ఉడికింది) అన్నప్పుడు నామానికి బహువచన ప్రత్యయం లేదు. బెంగాలీ క్రియకు వచనభేదమే లేదు కనుక క్రియ నుంచి కూడా ఆ సమాచారం అందదు. పరిమాణం చెప్పాలంటే కొలతపదం కావాలి: 'ఏక్ కిలో కలాఇ', 'దు ముఠో కలాఇ'. నిర్దిష్టతను తెలపడానికి '-టా', '-గులో' అనే నిర్దేశక ప్రత్యయాలు చేరుతాయి. 'కలాఇటా' అంటే ప్రస్తావనలో ఉన్న ఆ కలాఇ మొత్తం. 'కలాఇగులో' అంటే ఆ గింజలు. '-గులో' చేరినప్పుడే గింజలనే దృష్టి వ్యాకరణంలోకి వస్తుంది. తెలుగు నామం తనలోనే మోసే సమాచారాన్ని బెంగాలీలో ప్రత్యయం మోస్తుందన్నమాట.

5.2. విభక్తి:

కలాఇ వ్యుత్పత్తికి వ్యాకరణం నుంచి లభించే బలమైన ఆధారం షష్ఠీ విభక్తిలో ఉంది. బెంగాలీలో హలంత పదాలకు '-ఏర్' చేరుతుంది: ఘర్ (ఇల్లు) – ఘరేర్. ఒకటికి మించిన అక్షరాలున్న అజంత పదాలకు సాధారణంగా '-ర్' మాత్రమే చేరుతుంది: నదీ – నదీర్, శుఁటి – శుఁటిర్. ఇకారంతో ముగుస్తుంది కనుక కలాఇ శబ్దానికి 'కలాఇర్' అనే రూపం రావాలని తోస్తుంది. ప్రామాణిక భాషలో వచ్చేది 'కలాఇయేర్'. 'భాఇ' (సోదరుడు) – 'భాఇయేర్', 'బఉ' (భార్య, కోడలు) – 'బఉయేర్' వర్గంలో అది చేరుతుంది.

ఈ భేదానికి కారణం చివరి ఇకారం స్వభావంలో ఉంది. 'శుఁటి'లోని ఇకారం పూర్తి అచ్చు, స్వయంగా ఒక అక్షరానికి కేంద్రం. 'కలాఇ'లోని ఇకారం ముందున్న ఆకారంతో కలిసి ఒకే అక్షరంగా పలికే సంధ్యక్షరంలోని రెండవ భాగం. ప్రత్యయం ఎంపికలో భాష దానిని అచ్చుగా కాక దాదాపు హల్లుగా లెక్కిస్తుంది. 'కడాఇశుఁటిర్', 'కలాఇయేర్' అనే రెండు షష్ఠీరూపాలను పక్కపక్కన పెడితే ఈ భేదం వెంటనే తెలుస్తుంది. కలాయ శబ్దంలోని యకారం లిపిలో ఇకారమైనా ప్రవర్తనలో తన అంతస్థ స్వభావాన్ని పూర్తిగా వదులుకోలేదు. అయితే 'భాఇ' వంటి మాటల చరిత్ర వేరైనా వాటి ప్రవర్తన ఇదే. కనుక ఈ సాక్ష్యం ఒంటరిగా వ్యుత్పత్తిని నిరూపించదు, ధ్వనిక్రమం చెప్పిన దానిని సమర్థిస్తుంది.

సప్తమిలో 'కలాఇయే', 'కలాఇతే' అనే రెండు రూపాలకూ అవకాశముంది. 'బఇ' (పుస్తకం) శబ్దానికి 'బఇయే', 'బఇతే' ఉన్నట్లే. హలంతాలకు చేరే '-ఏ', అజంతాలకు చేరే '-తే' రెండూ ఇక్కడ చెల్లడం ఈ సంధ్యక్షరం నడిమి స్థితిని మరొకసారి చూపుతుంది.

కర్మస్థానంలో అచేతన పదాలకు బెంగాలీలో సాధారణంగా '-కే' ప్రత్యయం చేరదు: 'కలాఇ భిజియేఛి' (కలాఇ నానబెట్టాను). తెలుగులో 'మినుములు నానబోశాను' అని ద్వితీయా ప్రత్యయం లేకుండా చెప్పడం దీనికి సమానం. ఈ ఒక్క విషయంలో రెండు భాషల అలవాటూ ఒకటే.

5.3. సమాసం:

'మాష్‌కలాఇ' సమాసంలో పూర్వపదం విశేషం, ఉత్తరపదం జాతి. మాష అనే కలాఇ అని దీని విగ్రహం. తెలుగు వ్యాకరణ పరిభాషలో ఇది 'మామిడిచెట్టు', 'గంగానది' వంటి సంభావనా పూర్వపద కర్మధారయం. తెలుగు 'కందిపప్పు'ను ఇదే కోవలో చేర్చవచ్చునా అంటే కొంత ఆలోచించాలి. పప్పు అనేది జాతి కాదు, గింజను బద్దలు చేయగా వచ్చిన పదార్థం. కందుల యొక్క పప్పు అనే షష్ఠీతత్పురుష విగ్రహమే అక్కడ అర్థానికి దగ్గర. దానికి బెంగాలీలో సమానమైనది 'మాష్‌కలాఇ' కాదు, 'కలాఇయేర్ డాల్'. ఇక్కడ కలాఇ గింజ, డాల్ పప్పు. షష్ఠీ ప్రత్యయం పైకే కనిపిస్తుంది. పొట్టుతీసిన ఇదే పప్పును పశ్చిమబెంగాల్‌లో 'బిఉలిర్ డాల్' అంటారు. అక్కడా షష్ఠియే ఉంది. తెలుగు 'పప్పు' వలెనే బెంగాలీ 'డాల్' కూడా బద్దలకూ, వండిన పదార్థానికీ చెల్లుతుంది.

5.4. సమరూపాల వివేచన:

'కలాఇయేర్' అనే షష్ఠీరూపం పప్పుకూ పూతకూ సమానమే. 'కలాఇయేర్ డాల్' అంటే మినప్పప్పు. 'కలాఇయేర్ థాలా' అంటే పింగాణీపూత పూసిన లోహపు పళ్లెం. ఇక్కడ అర్థాన్ని నిర్ణయించేది షష్ఠి తరువాత వచ్చే నామం. క్రియతో చేరినప్పుడు భేదం మరింత స్పష్టం. 'కలాఇ కరా' అంటే పూత వేయడం. ధాన్యార్థంలో నానబెట్టడం, ఉడకబెట్టడం, వేయించడం వంటి అర్థాలనిచ్చే క్రియలు వస్తాయి. నిఘంటుకర్త ఈ రెండింటినీ ఒకే ఆరోపం కింద రెండు అర్థాలుగా చూపితే, ఒకే మాటకు అర్థవిస్తృతి జరిగిందనే భ్రమ కలుగుతుంది. వ్యుత్పత్తి వేరు కనుక వాటిని రెండు వేరు ఆరోపాలుగా చూపడమే శాస్త్రీయం.

6. అర్థనిర్ణయం ఎందుకు కీలకం: కలాయఖంజం

కలాయ అంటే ఏ గింజ అనే ప్రశ్న నిఘంటువులకు మాత్రమే పరిమితం కాదు. సుశ్రుతసంహిత నిదానస్థానంలో వాతవ్యాధుల మధ్య 'కలాయఖంజం' అనే వ్యాధి ఉంది. నడవడానికి అడుగు వేయబోతే వణకడం, కుంటుతూ నడవడం, కీళ్ల పట్టు సడలడం దాని లక్షణాలుగా చెప్పబడ్డాయి. 'ఖంజ' అంటే కుంటి. కలాయ వల్ల కలిగే కుంటితనం అని వ్యాధినామంలోనే కారణసూచన ఉంది.

బెంగాలీ వాడుకను అనుసరించి ఇక్కడి కలాయను కలాఇ, అంటే మినుము, అని అనువదిస్తే నిత్యం తినే మినుముపై లేని దోషం పడుతుంది. ఆ లక్షణాలు ఆధునిక వైద్యశాస్త్రం 'లాథిరిజమ్' అని పిలిచే వ్యాధి లక్షణాలతో సరిపోలుతాయి. కేసరిపప్పును చాలాకాలం ప్రధానాహారంగా తిన్నవారిలో కాళ్లు బిగిసి నడక దెబ్బతినే వ్యాధి అది. 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుని భావప్రకాశం 'త్రిపుట' అనే ధాన్యానికి కుంటితనం కలిగించే గుణాన్ని ఆపాదించింది. త్రిపుటాన్ని కేసరిపప్పుగా గుర్తించారు. ఆ గింజలోని విషపదార్థాన్ని 1964లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు వేరుచేసి వివరించారు. అంతకుముందే 1961లో ఆహార కల్తీ నివారణ నిబంధనల కింద కేంద్రప్రభుత్వం ఆ పప్పు అమ్మకాన్ని నిషేధించింది.

వృక్షశాస్త్రం ఇక్కడ భాషాశాస్త్రానికి తోడవుతుంది. కేసరి (లాథిరస్ సటైవస్), బఠాణీ (పైసమ్ సటైవమ్) దగ్గరి బంధువులు, ఒకే ఉపవర్గానికి చెందినవి. మినుము (విగ్నా ముంగో) వాటికి దూరమైన మరొక ఉపవర్గానిది. బఠాణీ జాతి గింజకు పేరైన కలాయ శబ్దం దాని బంధువైన కేసరికీ చెల్లడం సహజం. బెంగాలీలో 'ఖేసారికలాఇ' అనే సమాసం నేటికీ ఉండటం గమనార్హం. ఆ విధంగా వ్యాధినామంలోని కలాయను పాత అర్థంలో, అంటే బఠాణీ–కేసరి వర్గపు గింజగా, గ్రహించడమే సమంజసం. మినుము అనే అర్థం ఆ తరువాతి బెంగాలీ పరిణామం. దానిని వెనుకటి గ్రంథానికి అంటగట్టడం కాలదోషం.

అనువాదకులు గమనించవలసిన మరొక ప్రమాదం శాస్త్రీయనామాలలో ఉంది. 1899 నాటి మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువు మాష శబ్దానికి 'ఫేసియోలస్ రేడియేటస్' అని, ముద్గ శబ్దానికి 'ఫేసియోలస్ ముంగో' అని అర్థం చెప్పింది. నేటి వృక్షశాస్త్ర వ్యవహారంలో మినుము 'విగ్నా ముంగో', పెసర 'విగ్నా రేడియేటా'. అంటే జాతినామాలు తారుమారయ్యాయి. పాత నిఘంటువులోని శాస్త్రీయనామాన్ని నేటి పట్టికలో వెతికి తెలుగు పేరు వ్రాసేవారు మినుమును పెసర అని, పెసరను మినుము అని వ్రాసే అవకాశం ఉంది. శాస్త్రీయనామం ఉన్నంత మాత్రాన అర్థం స్థిరపడిందని భావించరాదు. ఆ నామం ఏ కాలంలో ఏ మొక్కకు చెల్లిందో కూడా చూడాలి.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. ధాన్యార్థకమైన బెంగాలీ కలాఇ సంస్కృత కలాయ శబ్దానికి తద్భవం. అంత్య అకారలోపం, యకారం ఇకారంగా మారడం ఇందులోని ధ్వనిపరిణామాలు.

2. బఠాణీ నుంచి కాయధాన్య సామాన్యానికి వ్యాప్తి, అక్కడి నుంచి సమాసం ద్వారా మినుముకు సంకోచం దాని అర్థపరిణామ క్రమం. పాత అర్థం 'కడాఇశుఁటి'లో నిలిచింది.

3. పూత అనే అర్థమున్న కలాఇ అరబ్బీ మూలకమైన వేరే పదం. తెలుగు 'కళాయి'కి బంధుత్వం దీనితోనే గాని పప్పు పేరుతో కాదు.

4. షష్ఠిలో 'కలాఇయేర్' రూపం చివరి ఇకారానికి గల అంతస్థ స్వభావాన్ని చూపి ధ్వనిక్రమాన్ని సమర్థిస్తుంది.

5. ప్రాచీన గ్రంథాలలోని కలాయ శబ్దాన్ని నేటి బెంగాలీ అర్థంతో అనువదించరాదు.

తెలుగు విశ్వవిద్యాలయాలలో తులనాత్మక అధ్యయనం చేసే పరిశోధకులకు ఈ చిన్న మాట ఒక పద్ధతిని సూచిస్తుంది. పప్పుధాన్యాల, చిరుధాన్యాల, కూరగాయల పేర్లను సేకరించేటప్పుడు పేరును మాత్రమే నమోదు చేస్తే సగం సమాచారమే అందుతుంది. ఆ పేరు ఏకవచనమా బహువచనమా, ఏ ప్రత్యయాన్ని కోరుతుంది, ఏ సమాసాలలో చేరుతుంది, ఏ క్రియలతో కలుస్తుంది అన్న వివరాలను కూడా నమోదు చేయాలి. మూకుట్లో ఉడికే పప్పును, పాత్రకు పూసే తగరాన్ని, పాతకాలపు వ్యాధిపేరును విడదీసి చూడటానికి చివరికి ఉపకరించేవి ఆ వివరాలే.